ఒక్క డిగ్రీని కొలవడం: మా పగడపు దిబ్బల ప్రాజెక్టు డైరీ

జూన్, బడి తెరిచిన వారం

ఈ ఏడాది సైన్స్ క్లబ్ ప్రాజెక్టుకు పగడపు దిబ్బలను ఎంచుకున్నాం. మా హైస్కూలు ప్రొద్దుటూరు పక్కన ఒక పల్లెలో ఉంది. సముద్రం చూడాలంటే నెల్లూరు దాటి పోవాలి. క్లబ్బులో చాలామంది పిల్లలు ఇప్పటిదాకా సముద్రం చూడలేదు. అయినా ఈ అంశమే కావాలని పట్టుబట్టాను. పగడపు దిబ్బలను కాపాడే శాస్త్రవేత్తల పనిలో నీళ్లలో మునిగి చేసేది కొంతే. మిగతాదంతా కొలవడం, కొలిచిన అంకె సరైనదేనా అని చూసుకోవడం, పదేళ్ల కిందటి అంకె పక్కన పెట్టి చూడటం. ఆ పని మా ల్యాబులోనూ, వరండాలోనూ నేర్చుకోవచ్చు.

మొదటి రోజే ఒక పిల్లవాడు, "మా మామోళ్ల ఇంట్లో షోకేసులో రామేశ్వరం నుంచి తెచ్చిన తెల్ల పగడపు ముక్క ఉంది, తీసుకొస్తా సార్" అన్నాడు. వద్దన్నాను. దిబ్బలు కట్టే గట్టి పగడాలు రాళ్లు కావు, సముద్ర జంతువులు. అవి 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. పులికి ఎంత రక్షణో వాటికీ అంతే. అందుకని మా ప్రాజెక్టులో పగడం ముక్క ఒక్కటి కూడా ఉండదు.

ప్రొద్దుటూరు అంటే బంగారం అంగళ్లు కదా. ఒకమ్మాయి వాళ్ల నాన్న ఉంగరంలో పొదిగే ఎర్ర పగడాన్ని చూపించమని పంపించాడు. అది వేరే జీవి. మధ్యధరా సముద్రంలో, వెలుతురు సరిగా అందని చోట, చాలా నిదానంగా పెరుగుతుంది. మేం చదవబోయే పగడాలకు ఎండ లేకపోతే బతుకు లేదు. వాటి ఒంట్లో సూక్ష్మమైన శైవలాలు (ఆల్గే) కాపురం ఉంటాయి. ఎండలో అవి ఆహారం తయారు చేసి, పగడానికి కావలసిన శక్తిలో 90 శాతం దాకా ఇస్తాయి. పగడం వాటికి చోటు, ఎరువు ఇస్తుంది. పగడానికి రంగు కూడా ఎక్కువగా ఆ శైవలాలదే.

నీళ్లు మామూలుకంటే వేడెక్కి వారాల తరబడి అలాగే ఉంటే ఈ పొత్తు చెడుతుంది. పగడం శైవలాలను బయటికి పంపేస్తుంది. ఒళ్లు పారదర్శకం కావడంతో లోపలి సున్నపు ఎముక తెల్లగా కనిపిస్తుంది. దీన్నే బ్లీచింగ్ అంటారు. ఎంత వేడెక్కితే ఇలా అవుతుందని అడిగితే, ఆ చోట ఏడాదిలో అన్నిటికన్నా వేడిగా ఉండే నెల సగటు మీద ఒక్క డిగ్రీ ఎక్కితే చాలని చెప్పాను.

తరగతి నమ్మలేదు. "మనకు మే నెలలో నలభై మూడు, నలభై నాలుగు వస్తాది. మనం బతకడం లేదా సార్? ఒక్క డిగ్రీకే చచ్చిపోతాదా?" అని తొమ్మిదో తరగతి అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. మా గాలి తెల్లవారుజామున ఇరవై ఎనిమిది ఉండి మధ్యాహ్నానికి నలభై దాటుతుంది. ఆ ఎగుడుదిగుడుకు మేం అలవాటు పడ్డాం. సముద్రపు నీరు అలా ఊగదు. ఏడాది పొడవునా కొద్ది డిగ్రీల మధ్యే ఉంటుంది. మన ఒంట్లో వేడి 37 నుంచి 38 దాటి వారాల తరబడి దిగకపోతే ఇంట్లో అందరికీ ఎంత టెన్షనో చెప్పమన్నాను. అప్పుడు వాళ్లకు ఒక్క డిగ్రీ బరువు తెలిసింది. ఆ ప్రశ్నే ప్రాజెక్టుకు దారి చూపింది. ముందు ఒక్క డిగ్రీని సరిగ్గా కొలవగలమా అన్నది తేల్చుకోవాలి.

జులై మొదట్లో

వేడిని కొలిచే డీఎస్18బీ20 సెన్సార్లు తెప్పించాం. స్టీలు గొట్టంలో మూసి ఉంటాయి కాబట్టి నీళ్లలో వేయొచ్చు. కొలతలు చదివి దాచే చిన్న కంప్యూటరు లాంటి ఈఎస్‌పీ32 బోర్డు, డేటా తీగకూ కరెంటు తీగకూ మధ్య 4.7 కిలో ఓమ్ రెసిస్టరు, అంతే సరంజామా. ఆన్ చేయగానే ఒక సెన్సారు 85 డిగ్రీలు చూపింది. పిల్లలు భయపడ్డారు గానీ అది ఈ సెన్సారు పుట్టుకతో వచ్చిన గుణం. కొలత పూర్తయ్యేలోపు చదివితే లోపల ముందే రాసి ఉంచిన 85 అనే అంకె వస్తుంది. ప్రోగ్రాములో ఒక సెకను ఆగి చదివితే సరిపోయింది.

అసలు సమస్య వేరే ఉంది. కంపెనీ కాగితం ప్రకారం ఈ సెన్సారు ప్లస్ ఆర్ మైనస్ అర డిగ్రీ తేడా చూపొచ్చు. స్క్రీన్ మీద మాత్రం 31.0625 అని నాలుగు దశాంశాలు ఇస్తుంది. అన్ని దశాంశాలు చూస్తే ఎవరికైనా నమ్మకం కలుగుతుంది, కానీ ఆ నమ్మకానికి ఆధారం లేదు. మనం వెతుకుతున్నదే ఒక డిగ్రీ మార్పు. అందులో సగం సెన్సారు తప్పే అయ్యే వీలుందంటే ఆ లెక్క ఎవరికి పనికొస్తుంది?

అందుకని సోడా అంగడి నుంచి ఐసు తెచ్చి, గుడ్డలో కట్టి దంచి, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ కలిపి థర్మాస్‌లో పోశాం. ఐసు, నీళ్లు కలిసి నిలకడకు వచ్చాక అక్కడ ఉండాల్సింది సున్నా. ఒక సెన్సారు 0.4 చూపింది, ఇంకొకటి మైనస్ 0.2. రెండూ కంపెనీ చెప్పిన హద్దులోనే ఉన్నాయి. కానీ వాటి మధ్య తేడా 0.6. ఒకదాన్ని లక్షద్వీప్‌లో, ఇంకొకదాన్ని అండమాన్‌లో వేసి, అక్కడికంటే ఇక్కడ నీళ్లు వేడి అని రాసేస్తే ఎలా ఉంటుందో పిల్లలనే ఆలోచించమన్నాను.

సున్నా దగ్గర సరిపోయింది ముప్పై దగ్గర సరిపోవాలని లేదు. రెండో సరిచూపుకు జ్వరం చూసే డిజిటల్ థర్మామీటరు వాడాం. మంచివి 37 చుట్టుపక్కల 0.1 డిగ్రీ లోపు తేడాతో చూపుతాయి. గోరువెచ్చని నీళ్ల గిన్నెలో దాన్నీ సెన్సార్లనూ కలిపి ముంచి, కలుపుతూ చదివాం. ఒక్కో సెన్సారుకూ ఎంత తీసేయాలో, ఎంత కలపాలో టేపు మీద రాసి తీగకు అంటించాం. దిబ్బల దగ్గర పెట్టే ఖరీదైన లాగర్లను (వేడిని కొలిచి తమంతట తామే రాసుకునే పరికరాలను) కూడా శాస్త్రవేత్తలు నీళ్లలో వేసే ముందు, తీశాక ఇలాగే సరిచూస్తారు.

జులై చివర

వరండా పక్కన పెద్ద ప్లాస్టిక్ టబ్బులో నీళ్లు నింపి ఒక సెన్సారును పైన, ఇంకొకదాన్ని అడుగున కట్టాం. లాగరుకు పవర్ బ్యాంకు పెడితే రాత్రి ఆగిపోతోంది. బోర్డు నిద్రలోకి పోయినప్పుడు లాగే కరెంటు మరీ తక్కువ కాబట్టి, ఏమీ తగిలించలేదనుకుని పవర్ బ్యాంకు తనంతట తానే ఆఫ్ అవుతుంది. 18650 రకం లిథియం సెల్లు, చార్జింగు బోర్డు పెట్టాక ఆ బాధ తప్పింది.

గాలి ఆడని మధ్యాహ్నాల్లో పైనీళ్లు అడుగునీళ్ల కంటే ఒక డిగ్రీ పైగా వేడిగా ఉన్నాయి. గాలి వీచిన రోజు ఆ తేడా దాదాపు పోయింది. ఈ ఒక్క గ్రాఫు చాలా సంగతులు చెప్పింది. ఉపగ్రహం చూసేది నీటి పైపొర వేడిని. పగడం ఉండేది కొన్ని మీటర్ల కింద. అందుకే ఉపగ్రహపు లెక్క పక్కన దిబ్బ మీద లాగరు కూడా ఉండాలి. పైగా బ్లీచింగ్ ఘోరంగా జరిగేది గాలి పడిపోయి, మబ్బు లేకుండా, సముద్రం కదలకుండా ఉన్న రోజుల్లోనే. అప్పుడు వేడికి ఎండ కూడా తోడవుతుంది.

ఆగస్టు

ఇప్పుడు లెక్క. దిబ్బల మీద వేడి ఒత్తిడిని కొలవడానికి అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవాలోని కోరల్ రీఫ్ వాచ్ విభాగం 'డిగ్రీ హీటింగ్ వీక్' అనే కొలత వాడుతుంది. మా పిల్లలు దాన్ని డిగ్రీ-వారం అంటున్నారు. ఒక చోట అత్యంత వేడి నెల సగటు 29.5 అనుకుందాం. ఒక వారం నీళ్లు 30.6 ఉంటే ఖాతాలో 1.1 పడుతుంది. తరువాతి వారం 31.0 ఉంటే 1.5, ఆపై వారం 31.2 ఉంటే 1.7. మొత్తం 4.3. మధ్యలో ఒక వారం 30.3 ఉంటే అది లెక్కలోకి రాదు, ఎందుకంటే సగటు మీద ఒక డిగ్రీకి తగ్గిన వేడిని కలపరు. ఇలా వెనక్కి 12 వారాల మొత్తం తీస్తారు. అది 4 దాటితే బ్లీచింగ్ గట్టిగా కనిపించవచ్చు. 8 దాటితే చావులు మొదలవుతాయి.

ఈ లెక్కను పిల్లలు కాగితం మీదే చేశారు. ఆ తరువాత ఒక అబ్బాయి అడిగాడు: "సార్, మన సెన్సారు అర డిగ్రీ ఎక్కువ చూపితే?" వెంటనే చేసి చూశాం. ప్రతి వారానికీ 0.5 కలిపితే ఆ 30.3 వారం కూడా లెక్కలోకి వచ్చింది. 4.3 కాస్తా 7.1 అయింది. తక్కువ చూపితే 30.6 వారం జారిపోయి 2.2కు దిగింది. ఐసు దంచిన పని ఎందుకో ఆ రోజు మళ్లీ చెప్పాల్సిన అవసరం రాలేదు.

మన దేశంలో ఇలాంటి హెచ్చరికలు ఇచ్చేది హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్, అంటే భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం. సునామీ హెచ్చరికలిచ్చేదీ అదే సంస్థ. అండమాన్, నికోబార్, లక్షద్వీప్, మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖల మీది నీళ్ల వేడిని ఉపగ్రహాల ద్వారా చూసి, బ్లీచింగ్ ముప్పు ఎక్కడుందో చెబుతుంది. సముద్రం లేని హైదరాబాద్‌లో కూర్చుని ఆ పని జరుగుతోందని తెలిశాక పిల్లలకు తామూ ఆ పనిలో చేరొచ్చనే ధైర్యం వచ్చింది.

ప్రపంచమంతటా బ్లీచింగ్ వ్యాపించిన సంవత్సరాలను గోడ మీద రాశాం: 1998, 2010, 2014 నుంచి 2017, ఆపై 2023లో మొదలైనది. ఈ నాలుగోదాన్ని 2024 ఏప్రిల్‌లో ప్రకటించారు. ప్రపంచంలోని దిబ్బల్లో 80 శాతానికి పైగా దాని వేడి దెబ్బ తగిలింది. లక్షద్వీప్‌లో 2023 అక్టోబరు చివర మొదలైన వేడి నెలల తరబడి దిగలేదు. 2024 వేసవికి గట్టి పగడాలు పెద్ద ఎత్తున తెల్లబడ్డాయని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ చెప్పింది. ఒకసారి తెల్లబడ్డ దిబ్బ కోలుకోవడానికి దాదాపు పదేళ్లు కావాలి. గోడ మీది సంవత్సరాల మధ్య ఎడం ఎంతో పిల్లలు వేళ్ల మీద లెక్కపెట్టారు. నాకు ఆ గోడ వైపు చూడటం కష్టంగా ఉంది.

సెప్టెంబరు

నాకు అన్నిటికన్నా నచ్చిన వారాలు ఇవే. దిబ్బలో బతికున్న పగడం ఎంత శాతం అని ఎలా చెబుతారు? ఈదుతూ పోయి సుమారుగా అంచనా వేస్తే ఒక్కొక్కరు ఒక్కో అంకె చెబుతారు. అందుకే టేపు పరిచి, దాని వెంట నిర్ణీత దూరాల్లో చతురస్రపు చట్రం పెట్టి ఫొటోలు తీస్తారు. తరువాత ఫొటో మీద కంప్యూటరు చెదురుగా చుక్కలు వేస్తుంది. ఒక్కో చుక్క కింద ఏముందో గుర్తిస్తూ పోతారు. మొత్తం చుక్కల్లో పగడం మీద పడ్డవి ఎంత శాతమో, పగడం అంత శాతం అన్నమాట.

మా వరండా అంతా నాపరాళ్లే. దాన్నే దిబ్బ చేశాం. రంగు కాగితాలు కత్తిరించి పరిచాం. ఊదా అంటే బతికున్న పగడం, తెలుపు బ్లీచ్ అయినది, ఆకుపచ్చ నాచు, ఖాళీ రాయి ఇసుక. ఊదా రంగు మొత్తం వైశాల్యంలో సరిగ్గా 30 శాతం ఉండేలా ముందే కొలిచి కత్తిరించాను, ఆ సంగతి పిల్లలకు చెప్పలేదు. పీవీసీ పైపుతో మీటరు చట్రం చేసుకున్నాం. డైవర్లు వాడేదీ దాదాపు అలాంటిదే. పైనుంచి సెల్‌ఫోనుతో ఫొటోలు తీసి, చుక్కలు వేసి, లెక్కపెట్టారు.

పది చుక్కలు వేసిన జట్లకు 10 శాతం నుంచి 50 శాతం దాకా ఏది పడితే అది వచ్చింది. వంద చుక్కల జట్లు 30కి దగ్గరగా వచ్చాయి. ఎందుకో పదో తరగతి వాళ్లకు సూత్రంతో చూపించాను. పది చుక్కలతో అటూఇటూ 14 శాతం పైగా ఊగుతుంది. వందతో 5 శాతం లోపు. నాలుగు వందలు వేస్తే 2 శాతం చిల్లర. 30 శాతం ఉన్న పగడం 25కు పడిపోయిందని గట్టిగా చెప్పాలంటే ఎన్ని చుక్కలు, ఎన్ని ఫొటోలు కావాలో అప్పుడర్థమైంది. నీళ్లలో ఒక్కో సిలిండరుతో ఉండగలిగేది గంటో, అంతకంటే తక్కువో. అంత కష్టపడి, ఒకే పద్ధతిలో, అవే చోట్లకు మళ్లీ మళ్లీ పోయిన వాళ్లున్నారు కాబట్టే లక్షద్వీప్ సంగతి మనకు తెలిసింది. 1998లో దాదాపు 37 శాతం ఉన్న పగడం 2022 నాటికి 19 శాతం చిల్లరకు పడిపోయింది. పేపర్లో ఒక్క వాక్యంగా చదివే ఆ మాట వెనుక ఇరవై నాలుగేళ్ల కొలతలు ఉన్నాయి.

ఒక తగాదా కూడా వచ్చింది. తెల్లకాగితాన్ని కొందరు 'చచ్చిపోయినది' అని రాశారు, కొందరు 'బతికున్నది' అని. బ్లీచ్ అయిన పగడం ఇంకా చావలేదు. వేడి త్వరగా తగ్గితే శైవలాలు మళ్లీ చేరి కోలుకోవచ్చు. చచ్చిపోయినదాని మీద కొద్ది వారాల్లో నాచు ఎక్కుతుంది. అందువల్ల సర్వేకు ఏ వారంలో పోయామన్నది కూడా ముఖ్యమే. లేత, ముదురు రంగుల విషయంలో ఈ గొడవ రాకుండా ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం వాళ్ల కోరల్ వాచ్ ప్రాజెక్టు ఒక రంగుల అట్ట తయారు చేసింది. పగడం పక్కన ఆ అట్ట పెట్టి, ఏ గడితో కలుస్తుందో చూసి 1 నుంచి 6 దాకా అంకె వేస్తారు. మామూలు టూరిస్టులు కూడా ఆ పని చేయొచ్చు.

అక్టోబరు

సైన్స్ ఫెయిర్లలో అందరూ చేసేది నాపరాయి మీద వెనిగర్ పోసి బుడగలు చూపించడం. "సముద్రం ఆమ్లమై పగడాలు కరిగిపోతున్నాయి" అని బోర్డు పెట్టడం. నాకు అది ఇష్టం లేదు. సముద్రం ఆమ్లం కాలేదు. పారిశ్రామిక యుగానికి ముందు పీహెచ్ 8.2 ఉంటే ఇప్పుడు 8.1 దగ్గరికి వచ్చింది. 7కు పైనే ఉంది కాబట్టి ఇంకా క్షారమే. కానీ ఆ 0.1 చిన్నదేమీ కాదు, హైడ్రోజన్ అయాన్లు నాలుగో వంతుకు పైగా పెరిగాయని దాని అర్థం. అవి కార్బొనేట్ అయాన్లను పట్టేసుకుంటాయి. పగడం తన ఎముక కట్టుకోవడానికి కావలసిన సరుకు అదే. అంటే ఇప్పటికి జరుగుతున్న నష్టం ముఖ్యంగా కరగడం కాదు, కట్టడం కష్టమవడం.

కాబట్టి వెనిగర్ పక్కన పెట్టి గ్లాసుల్లోకి స్ట్రాతో ఊదించాను. సముద్రం పీహెచ్ తగ్గించేది గాలి నుంచి అందులో కరిగే కార్బన్ డయాక్సైడ్, మన ఊపిరిలో ఉండేదీ అదే. ఒక గ్లాసులో డిస్టిల్డ్ వాటర్. ఇంకొక దాంట్లో లీటరుకు 35 గ్రాముల కల్లుప్పు, 0.2 గ్రాము తినే సోడా కలిపిన నీళ్లు. సముద్రానికి ఉండే క్షారత్వం ఇంచుమించు ఆ సోడాతో వస్తుంది. మూడో గ్లాసులో మా బోరు నీళ్లు. మూడింట్లోనూ యూనివర్సల్ ఇండికేటర్ వేశాం. డిస్టిల్డ్ వాటర్ రంగు కాసేపటికే మారిపోయింది. ఉప్పునీళ్లు తట్టుకున్నాయి. అన్నిటికన్నా ఎక్కువ తట్టుకున్నది మా బోరు నీళ్లే, సున్నపురాళ్ల మధ్య నుంచి వచ్చే నీళ్లు కదా.

ఈ ఇండికేటరుతో 8.2కూ 8.1కీ తేడా కనిపించనే కనిపించదు. పరిశోధన నౌకల మీద మెటా క్రెసాల్ పర్పుల్ అనే రంగుమందు వేసి, కాంతిని కొలిచే యంత్రంతో చూస్తారు. వెయ్యో వంతు తేడా కూడా పడుతుంది. మా బోర్డు మీద "మేం వాడిన పద్ధతి అసలు మార్పును చూపలేదు, ఏ దిశలో మారుతుందో మాత్రమే చూపుతుంది" అని రాయించాను.

నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసే తండ్రులున్న పిల్లలు, సిమెంటు ఫ్యాక్టరీల దారిలో బస్సెక్కి వచ్చే పిల్లలు క్లబ్బులో ఉన్నారు. నూరు కిలోల శుద్ధమైన సున్నపురాయిని కాలిస్తే 56 కిలోల సున్నం మిగిలి, 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుందని సమీకరణం రాసి చూపాను. బొగ్గు పొగ దానికి అదనం. మనుషులు వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో నాలుగో వంతు దాకా సముద్రంలోకి పోతుంది. ఎవరినీ తప్పు పట్టడానికి ఇది చెప్పలేదు, మా ఇళ్లన్నీ ఆ సిమెంటువే. కానీ ఆ ఫ్యాక్టరీలున్న ఎర్రగుంట్ల దారికీ లక్షద్వీప్‌కూ సంబంధం ఉందని పిల్లలు తెలుసుకోవాలి.

నవంబరు

వేంపల్లె వైపు గుట్టలకు పోయి వచ్చాం. అక్కడి డోలమైటు రాళ్లలో పైకి ఉబ్బిన వంపుల్లో సన్నని పొరలు కనిపిస్తాయి. వాటిని స్ట్రొమటోలైట్లు అంటారు. సుమారు 190 కోట్ల సంవత్సరాల కిందట ఇక్కడి లోతు తక్కువ సముద్రంలో సూక్ష్మజీవుల పొరలు ఒకదాని మీద ఒకటి కట్టినవి అవి. అప్పటికి పగడాలు పుట్టనే లేదు. నేటి దిబ్బలు కట్టే పగడాల జాతి మొదలై 24 కోట్ల సంవత్సరాలే అయింది. కడప, కర్నూలు శిలల మీద భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ 1872లోనే పెద్ద నివేదిక రాశాడు. రాయిని కదపొద్దని, గుర్తుగా కూడా ముక్క తేవొద్దని ముందే చెప్పి తీసుకెళ్లాను. ఫొటోలు, కొలతలు మాత్రమే.

పొరలు చూసినప్పుడు పగడాల్లోని వార్షిక పొరల గురించి చెప్పడం తేలికైంది. పెద్ద గుండ్రని పగడాలకు నీళ్లలోనే డ్రిల్లు వేసి సన్నని కడ్డీ తీస్తారు. ఎక్స్‌రే తీస్తే ఏడాదికొక జత పట్టీలు కనిపిస్తాయి. ఆ సున్నంలో స్ట్రాన్షియం, కాల్షియంల నిష్పత్తిని బట్టి ఆ ఏడాది నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయో చెబుతారు. థర్మామీటరు లేని శతాబ్దాల వేడి అలా బయటపడింది. కడ్డీ తీసిన రంధ్రాన్ని మూసేసి వస్తే పగడం దాని మీదుగా మళ్లీ పెరుగుతుంది.

డిసెంబరు, జిల్లా ప్రదర్శనకు ముందు

కాపాడటం గురించి ఒక చార్టు కావాలి. పిల్లలు సేకరించినవన్నీ చదివాను. కచ్ సింధుశాఖలో మిఠాపూర్ దగ్గర 2020లో జువలాజికల్ సర్వే వాళ్లు ఇనుప చట్రాలకు కొద్దిపాటి కరెంటు ఇచ్చి, వాటి మీద సున్నం పేరుకునేలా చేసి పగడపు ముక్కలు కట్టారు. మన్నార్ సింధుశాఖలో ఒకప్పుడు సున్నానికి పగడాలను తవ్వేవారు. ఇప్పుడక్కడ ఆ తవ్వకం ఆగింది, కృత్రిమ దిబ్బలు దించుతున్నారు. ఆస్ట్రేలియాలో వేడిని ఎక్కువగా తట్టుకునే శైవలాలను ల్యాబులో తయారు చేస్తున్నారు. పగడాల వీర్యాన్ని గడ్డకట్టించి దాస్తున్నారు. నాచు మేసే చిలకచేపలను పట్టకుండా బెలీజ్ దేశం 2009లో నిషేధం పెట్టింది. నాచు తగ్గితే పగడపు పిల్లలు నిలదొక్కుకోవడానికి చోటు దొరుకుతుంది.

చార్టులో పగడాల నర్సరీ (పగడపు ముక్కలను పెంచి దిబ్బ మీద నాటే చోటు) బొమ్మ పెద్దగా, మిగతావి చిన్నగా వేశారు. నాకు నచ్చలేదు, మార్పించాను. 2023 జులైలో ఫ్లోరిడాలోని మనాటీ బే దగ్గర లోతు తక్కువ నీళ్లలో 38.4 డిగ్రీలు నమోదైంది. నర్సరీ పగడాలను హడావుడిగా పైకి తీసి ఒడ్డున తొట్లలో దాచుకోవాల్సి వచ్చింది. అక్కడి సాంబ్రెరో దిబ్బ మీద ఏళ్లుగా నాటినవి పోయాయి. నాటే పని వద్దని నేననను. జాతులు పూర్తిగా పోకుండా ఆ పని కొంత కాలం కొని పెడుతుంది. కానీ వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి ఏర్పాటు చేసిన నిపుణుల సంఘం ఐపీసీసీ 2018లో చెప్పిందేమిటంటే, భూమి వేడి పారిశ్రామిక యుగానికి ముందుకంటే 1.5 డిగ్రీలు పెరిగితే దిబ్బల్లో 70 నుంచి 90 శాతం పోతాయి, 2 డిగ్రీలైతే 99 శాతానికి పైగా. ఇక్కడ మళ్లీ అర డిగ్రీ. చార్టులో ఇప్పుడు పెద్ద బొమ్మ పొగ తగ్గించడం గురించి. దాని కింద మురుగు, ఒండ్రు, లంగర్లు, విచక్షణ లేని వేట ఆపడం. అవి లేని చోట వేడి దెబ్బ తిన్న దిబ్బ త్వరగా కోలుకుంటుంది. నర్సరీ అన్నిటికన్నా కింద.

ఈ లోపు లాగరును టబ్బు నుంచి తీసి ఊరి చెరువు తూము దగ్గర కట్టాం. లోతు ఒక మీటరు, గంటకొక కొలత. ఎనిమిదో తరగతి ఇద్దరు నెలకొకసారి సెన్సార్లను ఐసులో ముంచి సరిచూసి, తేదీ, తేడా, సంతకం నోటుబుక్కులో రాయాలి. ప్రదర్శన అయిపోయినా లాగరు అక్కడే ఉంటుంది. వేసవికి ముందు సెల్లు మార్చాలి, తూము తీసే రోజులు నీరుగంటిని అడిగి రాసుకోవాలి.